మిర్చి గదిలో చెక్కపని: లోపలి పనుల డైరీ

జనవరి, సంక్రాంతి తర్వాత

ఖమ్మంలో మా ఇంటి పెరట్లో నాన్న కట్టించిన రేకుల గది ఒకటుంది. 18 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. 9 అంగుళాల ఇటుక గోడలు, ఇనుప పైపుల మీద రేకులు, కింద సిమెంటు గచ్చు. ధర పడిపోయిన ఏడాది మిర్చి బస్తాలు కొన్నాళ్లు ఆపుకోవడానికి కట్టింది. ఊరి చుట్టూ కోల్డ్ స్టోరేజీలు వచ్చాక దాని అవసరం తీరిపోయింది. పాత కూలరు, విరిగిన కుర్చీలు, ఎవరూ పారెయ్యనివ్వని ట్రంకుపెట్టెలు అందులో చేరాయి. ఇప్పుడా గది నా చెక్కపనికి ఇచ్చారు. ఇచ్చారంటే, అమ్మ తన ఆవకాయ జాడీలు అందులోంచి తీయించి వంటింటి అటక మీదికి మార్పించింది. అంతకంటే గట్టి రిజిస్ట్రేషన్ మా ఇంట్లో లేదు.

గోడలు, కప్పు ఉన్నవే కాబట్టి ఇక్కడ రాసుకునేదంతా లోపలి పని గురించే.

యూట్యూబులో ఇలాంటి షెడ్డు వీడియోలు లెక్కలేనన్ని ఉన్నాయి. చూడటానికి బాగుంటాయి. కానీ వాటిలో చాలామటుకు అమెరికా, కెనడా, ఇంగ్లండు వాళ్లవి. అక్కడ గదికి అసలు బాధ చలి. చెక్క ఫ్రేముల మధ్య వేడిని ఆపే మందపాటి పరుపుల్లాంటివి కుక్కి, పైన బోర్డులు కొట్టి, లోపలి వేడి బయటికి పోకుండా బిగిస్తారు. గోడే చెక్కది కాబట్టి స్క్రూ నేరుగా దిగుతుంది. మధ్యలో నిలబడి పనిచేసే ఎత్తు బల్ల ఉంటుంది. మన దగ్గర గోడ ఇటుకది, బాధ ఎండది, చెక్కపని చేతిలో ఉన్న పాతవాళ్లు కింద కూర్చుని చేస్తారు. ఇవేవీ పట్టించుకోకుండా వాళ్ల ప్లాను తెచ్చి ఇక్కడ దించితే మే నెలలో ఆ గదిలో ఒడియాలు ఎండబెట్టుకోవచ్చు.

అందుకే పని వరస ఇలా పెట్టుకున్నాను. ముందు కప్పు వేడి, తర్వాత కరెంటు, ఆ తర్వాత బల్ల, దుమ్ము. గోడలకు పనిముట్లు తగిలించే సరదా అన్నిటికంటే చివర.

గది ఖాళీ చేసి గోడలు కడగడం మొదలుపెట్టాం. బ్రష్షుతో పాత సున్నం గీకుతుంటే ఎన్నేళ్ల నాటిదో మిర్చి ఘాటు లేచింది. నేను, మా తమ్ముడు తుమ్ములతో బయటికి పరుగు. తర్వాత మాస్కులు కట్టుకుని, గోడ తడిపి గీకాం. సున్నం కిందే తెలుపు నలుపు మరకలతో చెమ్మ కనబడింది. నేల నుంచి ఒక అడుగు ఎత్తు దాకా ఉంది. ఆ అడుగు మేర పాత గిలాబా చెక్కించేసి, వాటర్ ప్రూఫ్ కలిపిన సిమెంటుతో మళ్లీ పూయించాం. చెదల మందు కూడా ఇప్పుడే: గోడా గచ్చూ కలిసే అంచు పొడవునా అడుగుకొక సన్న రంధ్రం వేసి, ఇమిడాక్లోప్రిడ్ కలిపిన నీళ్లు పోసి, సిమెంటుతో మూసేశారు. ఈ పని సామాను లోపలికి రాకముందే అవ్వాలి. బల్లలు, బీరువాలు చేరాక ఆ మూలలకు ఎవరూ చేరలేరు.

ఫిబ్రవరి: కప్పు

రేకుల గదిలో ఫ్యాను తిరుగుతున్నా నెత్తి మాడుతూనే ఉంటుంది. ఎండకు కాగిన రేకు వేడిని కిరణాలుగా కిందికి వదులుతుంది. ఫ్యాను గాలిని కదిలిస్తుంది గానీ ఆ కిరణాలను ఆపలేదు. కాబట్టి రేకును కాగనివ్వకూడదు, కాగినంత వేడి మన మీదికి దిగనివ్వకూడదు, అయినా లోపల చేరిన వేడి గాలికి బయటికి దారి ఉండాలి.

రేకు పైన తెల్లరంగు వేశాం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. అది పెద్ద ఇళ్లకు, వ్యాపార భవనాలకు తప్పనిసరి. మా పెరటి గదిని అడిగేవాళ్లు లేరు. కానీ తెల్లకప్పు ఎండను తిప్పికొడుతుందన్న సూత్రం గుడిసెకైనా బంగళాకైనా ఒకటే. మా వీధిలో డాబాల మీద సున్నం కొట్టుకుంటారు. చవక, బాగానే పనిచేస్తుంది. జింకు పూత ఉన్న రేకుకు మాత్రం సున్నం పడదు, సున్నపు ఘాటు జింకును తినేస్తుంది, పైగా మొదటి వానకే సగం కారిపోతుంది. అందుకని తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, కప్పుల కోసం అమ్మే తెల్లటి యాక్రిలిక్ రంగు రెండు పూతలు వేయించాం.

లోపల వెండి రంగు ఫాయిల్ ఉన్న ఇన్సులేషన్ షీటు కట్టాం. దీన్ని రేకుకు అంటించేస్తే డబ్బు దండగే. మెరిసే ముఖానికి ఎదురుగా గాలి ఖాళీ ఉంటేనే అది పనిచేస్తుంది. రేకుకూ షీటుకూ మధ్య 3 అంగుళాలు వదిలి, పైపుల అడుగున తీగలు లాగి, వాటి మీద పరిచాం. మెరుపు ముఖం కిందికి పెట్టాం. పైకి పెడితే చెక్కపొడి పేరుకుని కొన్ని నెలల్లో మెరుపు పోతుంది. కిందికి ఉన్న ముఖం మీద దుమ్ము అంతగా నిలవదు. చెక్కపని గదికి ఈ తేడా పెద్దదే.

ఈ షీట్లలో ప్లాస్టిక్ బుడగల రకం చవక. కొనే ముందు షాపులో చిన్న ముక్క అడిగి తెచ్చి, పెరట్లో గచ్చు మీద పెట్టి లైటరు ముట్టించి చూశాం. ఒక రకం కాగితంలా అంటుకుని కారింది. ఇంకో రకం లైటరు తీయగానే ఆరిపోయింది. రెండోది తీసుకున్నాం. రంపపు పొట్టు, చిత్రిక పొట్టు కుప్పలు పడే గదిలో కప్పు అంటుకునే రకం కాకూడదు.

త్రికోణపు గోడలు రెండిట్లోనూ పైకొనకు దగ్గరగా ఇటుకలు తీసి, ఇనుప జాలీ పెట్టాం. ఉడతలు దూరకుండా జాలీ సన్నది. ఉత్తరపు గోడలో కింద కిటికీ ఉంది. చల్లగాలి కిందనుంచి వస్తుంది, వేడిగాలి పైనుంచి పోతుంది. కప్పు మీద గిర్రున తిరిగే గుండ్రటి వెంటిలేటర్లు పెట్టమని ఫ్యాబ్రికేషన్ అతను గట్టిగా చెప్పాడు. మంచివే, కానీ రేకుకు కొత్తగా పడే ప్రతి రంధ్రం వానాకాలంలో లెక్క అడుగుతుంది. వద్దన్నాను.

ఒక చిన్న విషయం, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. ఫాయిల్ కట్టాక దాని మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెడితే నమ్మలేనంత తక్కువ చూపించింది. సంబరపడాల్సిన పని లేదు. మెరిసే వస్తువుల మీద ఆ థర్మామీటరు తప్పు చెబుతుంది, ఎదురుగా ఉన్న వస్తువుల వేడిని అద్దంలా పట్టి చూపిస్తుంది. షీటుకు ఒక నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, కాసేపాగి, ఆ టేపు మీద కొలిస్తే అసలు లెక్క వస్తుంది. అలా కొలిచినా తేడా బాగానే ఉంది. పక్కన షీటు కట్టని మూల రేకు 50 డిగ్రీలు దాటి ఉంటే టేపు మీద 30ల్లోనే చూపించింది. అసలు పరీక్ష ఏప్రిల్, మేలో.

మార్చి: కరెంటు

ఎలక్ట్రీషియన్ మాకు తెలిసిన కుర్రాడే. కాగితం మీద గీసింది చూసి నవ్వాడు.

"అన్నా, ఒక్క గదికి ఇన్ని లైన్లా? ఇంట్లో ఏసీ బోర్డు నుంచి ఒక వైరు లాగితే అయిపోద్ది."

"రంపం తిరుగుతుంటే ఫ్యూజు పోతే లైట్లు కూడా పోవాలా?"

కాస్త ఆలోచించి, "అదీ నిజమే" అన్నాడు. ఆ ఒక్క మాటతో మిగతావన్నీ ఒప్పుకున్నాడు.

కరెంటు పోయినా రంపం బ్లేడు వెంటనే ఆగదు. కొన్ని సెకన్లు దాని ఊపులో అది తిరుగుతూనే ఉంటుంది. ఆ సెకన్లలో గది చీకటైతే చెయ్యి ఎక్కడుందో మనకే తెలియదు. అందుకే లైట్లకు వేరే లైను, వేరే ఎంసీబీ (లోడు ఎక్కువైతే ఆ లైనును కట్ చేసే స్విచ్చు). ఆ లైను ఇంటి ఇన్వర్టరు మీద పెట్టాం. మిషన్లకు వేరే. ఇంటి మెయిన్ బోర్డు నుంచి గదికి 4 ఎంఎం రాగి వైరు, లోపల 16 ఆంపియర్ల సాకెట్లకు 2.5 ఎంఎం. గది బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. తడి చేతితోనో తెగిన వైరుతోనో ఒంట్లోంచి కరెంటు నేలకు పోవడం మొదలవగానే కట్ చేసేస్తుంది. పాత ఇళ్లల్లో చాలాచోట్ల ఇది ఉండదు. ఇంటికి కూడా ఒకటి పెట్టించాం, ఆ ఖర్చు అమ్మ ఖాతాలో.

వైర్లన్నీ గోడ పైనే పీవీసీ పైపుల్లో. గోడలో కప్పేస్తే అందంగా ఉంటుంది, నిజమే. కానీ ఏ మిషన్ ఎక్కడికి మారుతుందో ఏడాది వాడితే గానీ తెలియదు. ఇది హాలు కాదు, పనిచేసే గది.

సాకెట్లు నేలకు 4 అడుగుల ఎత్తున. కింద పెడితే గోడకు ఆనించిన ప్లైవుడ్ షీట్లు, పలకలు అన్నీ వాటికి అడ్డం.

లైట్ల గురించి కొంచెం ఎక్కువ రాయాలి. గదిలో చోకు ఉన్న పాత ట్యూబులైటు ఒకటి ఉండేది. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ అవుతుంది కాబట్టి ఆ లైటు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. కంటికి తెలియదు. కానీ తిరిగే బ్లేడు వేగం ఆ మినుకుతో కలిస్తే బ్లేడు ఆగినట్టో, వెనక్కి నెమ్మదిగా తిరుగుతున్నట్టో కనబడుతుంది. తిరుగుతున్న రంపం ఆగినట్టు కనబడటం కంటే ప్రమాదం ఇంకేముంటుంది? అది పీకేసి ఎల్ఈడీ ట్యూబులు పెట్టాం. చవక ఎల్ఈడీల్లో కూడా ఈ మినుకు ఉంటుంది. ఫోను కెమెరా స్లోమోషన్‌లో పెట్టి చూస్తే గీతలు గీతలుగా దొరికిపోతుంది. షాపులోనే అలా చూసి ఏరుకొచ్చాం. షాపతను మమ్మల్ని వింతగా చూశాడు గానీ తర్వాత తనూ ఫోను తీసి మిగతా పెట్టెలు పరీక్షించుకున్నాడు.

ట్యూబులన్నీ ఒకే వరసలో కాకుండా బల్లకు ముందొకటి వెనకొకటి. లేకపోతే మన తల నీడే గుర్తు గీత మీద పడుతుంది.

ఏప్రిల్: బల్ల

ఇది రాయడానికే ఈ డైరీ మొదలుపెట్టానేమో.

కొత్త టేకు ధరకు నేను తూగలేను. పాత కలప అమ్మే అడితిలో, కూలగొట్టిన పెంకుటింటి దూలాలు దొరికాయి. బయట పొగకు నల్లబడి, నూనె పట్టి, పనికిరాని మొద్దుల్లా ఉన్నాయి. కొసన చిన్న ముక్క కోయించి చూస్తే లోపల చేవ బంగారు రంగులో ఉంది. పాత దూలంతో రెండు లాభాలున్నాయి. ఎప్పుడో ఎండి, వంగాల్సినంత వంగి, కుదురుకుని ఉంటుంది. పైన తెల్ల చెక్కను పురుగు తిన్నా చేవ జోలికి అంత తేలిగ్గా పోదు.

చిక్కల్లా మేకులు. పాత కలప అంటే సామిల్లువాళ్లు మొహం తిప్పుకుంటారు. ఒక్క మేకు తగిలితే వాళ్ల బ్లేడు పళ్లు ఎగిరిపోతాయి. కాబట్టి విరిగిన స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి, దూలం పొడవునా వేలాడదీసి నడిపించాను. అయస్కాంతం ఎక్కడ పక్కకు లాగితే అక్కడ చాక్‌పీసు గుర్తు. ఒక్కో గుర్తు దగ్గర ఉలితో తవ్వి, పట్టకారుతో పీకడం. చేత్తో కొట్టిన పాత మేకులు కొన్ని, నాలుగు పలకలవి, లోపల ముక్కలై ఉన్నాయి. సామిల్లతను తన సొంత డిటెక్టరుతో మళ్లీ చూసుకుని గానీ బ్లేడు మీదికి ఎక్కించలేదు. ఎక్కించాక మాత్రం కోత చాలా శుభ్రంగా వచ్చింది.

మా వీధి చివర ఒక పెద్ద మేస్త్రి ఉన్నారు. ఇప్పుడు పనికి వెళ్లడం లేదు, కొడుకులు మాడ్యులర్ కిచెన్ల పనిలో ఉన్నారు. దూలాలు దింపుతుంటే కర్ర పట్టుకుని వచ్చి నిలబడ్డారు.

"ఏం చేస్తున్నవ్ బిడ్డా?"

"పనిబల్ల, మేస్త్రి గారూ. 6 అడుగుల పొడుగు, 2 అడుగుల వెడల్పు."

"ఎత్తు?"

"32 అంగుళాలు."

ఆయన నా పక్కకు వచ్చి, నా చెయ్యి కిందికి వదిలించి, మణికట్టు దగ్గర తన వేలు పెట్టి నేల దాకా చూశారు. "సరిపోద్ది. చిత్రిక ఎక్కువ పడతానంటే ఇంకో అంగుళం దించు. ఎత్తు బల్ల మీద భుజం బలమే వస్తది, ఒళ్లు బలం రాదు." అంగుళం దించాను.

పైపలక 3 అంగుళాల మందం. మూడు దూలపు ముక్కలు అంచులు చిత్రిక పట్టి, జిగురు పెట్టి, బార్ క్లాంపులతో బిగించాం. ఇక కాళ్లు. బోల్టులతో తేలిక, ఎప్పుడైనా విప్పుకోవచ్చు అని నా ఆలోచన. మేస్త్రి వినలేదు. బోల్టు ఇనుము, చెక్క ప్రతి వానాకాలం ఉబ్బి ప్రతి ఎండాకాలం తగ్గుతుంది, ఏటా స్పానరు పట్టుకుని తిరుగుతావా అన్నారు. కాళ్లకు బెజ్జాలు తొలిచి, వాటిలో దూరేట్టు అడ్డపట్టెల కొసలను సన్నం చేసి కూసాలుగా చెక్కాం. తొలిచింది నేను, ఆయన స్టూలు మీద కూర్చుని చెబుతూ ఉన్నారు.

ఆ అతుకు ఊడకుండా ఆయన పెట్టించిన సీల (చెక్క మేకు) పద్ధతి మాత్రం నేను ఏ వీడియోలోనూ అంత తేటగా చూడలేదు. కాలికి సీల రంధ్రం వేశాక, కూసాన్ని అందులో దూర్చి, రంధ్రంలోంచి కూసం మీద గుర్తు పెట్టారు. కూసం బయటికి తీసి, ఆ గుర్తు మీద కాకుండా భుజం వైపుకు, అంటే కూసం పట్టెలో కలిసే మొదలు వైపుకు, అర నూలు జరిపి రంధ్రం వేయమన్నారు. అంగుళానికి ఎనిమిది నూళ్లు, అంటే జరిపింది అంగుళంలో పదహారో వంతు. అలా వేశాక రెండు రంధ్రాలు సరిగ్గా ఎదురుపడవు. కొస సన్నగా చెక్కిన తుమ్మ సీల కొడితే అది వంగి దూరుతూ, కూసాన్ని కాలిలోకి లాక్కుంటుంది. జిగురు లేదు, క్లాంపు లేదు. సుత్తి దెబ్బకు సందు కళ్లముందే మూసుకుపోయింది. నల్లతుమ్మ ఎందుకంటే గట్టిది, పాతరోజుల్లో బండి చక్రాలకు, నాగళ్లకు వాడిన కర్ర. టేకు సీల అయితే వంగే బదులు విరిగే భయం.

కాళ్ల కింద గ్రానైట్ ముక్కలు పెట్టాం. ఖమ్మంలో గ్రానైట్ ముక్కలకు కరువేముంది, కటింగు ఫ్యాక్టరీల బయట కుప్పలు పడి ఉంటాయి. చెక్క నేలను తాకకపోతే చెమ్మ ఎక్కదు. చెదలు గ్రానైటును చూసి ఆగిపోవు, ఎక్కుతాయి, కానీ దాని మీదుగా మట్టి దారి కట్టుకుంటూ ఎక్కాలి. ఆ మట్టి గీత నున్నటి నల్లరాయి మీద స్పష్టంగా కనబడుతుంది. నెలకోసారి టార్చి వేసి చూస్తే చాలు.

ఇంకో గ్రానైట్ పలక, 2 అడుగుల పొడవుది, పాలిష్ చేసింది, కిటికీ కింద పెట్టాను. దాని మీద నీళ్లు చల్లి ఎమరీ పేపర్ అంటించి ఉలి వెనక భాగం, చిత్రిక అడుగు సమం చేసుకుంటున్నాను. మెషిను మీద పాలిషైన గ్రానైటు మన పనికి కావలసినంత చదునుగా ఉంటుంది. బయటి దేశాలవాళ్లు ఇదే పనికి గాజు పలకలు, ప్రత్యేకంగా అమ్మే రాళ్లు కొంటారు. మనకు ఆటో ఛార్జీతో వచ్చేస్తుంది.

బల్ల నిలబెట్టాక మేస్త్రి గది అంతా కలియజూసి అడిగారు: "అన్నీ బాగానే ఉన్నయి. కూర్చునే జాగ ఏది?"

అప్పుడు ప్లాను మారింది. తలుపు దగ్గర 6 అడుగులకు 5 అడుగుల నేల ఖాళీ వదిలేశాను. అక్కడ ఒక వేప మొద్దు, పక్కన చిన్న పీట. ఉలి పని, సన్నటి నగిషీ, చిన్న ముక్కల కోత అక్కడ. కింద కూర్చుంటే రెండు పాదాలూ రెండు క్లాంపుల పని చేస్తాయి. ముక్కను తిప్పాలంటే వైసు విప్పి బిగించక్కర్లేదు, మడమ కదిపితే చాలు. గంటసేపు కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తాయి, అది వేరే సంగతి. పెద్ద పలకలకు బల్ల, చిన్న పనికి నేల. రెండూ ఉండాల్సిందే అని ఇప్పుడు నా అభిప్రాయం.

మే: దుమ్ము

రోహిణి కార్తె వచ్చింది. బయట 44. మధ్యాహ్నం గదిలో పని చేయగలిగామని చెప్పను, ఆ ఎండలో ఖమ్మంలో ఎవరూ ఏ పనీ చేయరు. పొద్దున 11 దాకా, సాయంత్రం 4 తర్వాత మాత్రం హాయిగా చేసుకోగలిగాం. పోయినేడు ఇదే గదిలోకి సాయంత్రం ఆరింటికి కూడా అడుగుపెట్టలేకపోయేవాళ్లం.

చెక్క దుమ్మును చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందున్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క దుమ్మును మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో, మొదటి వర్గంలో పెట్టింది. ముక్కు లోపలా, చుట్టుపక్కల గాలి గదుల్లోనూ వచ్చే క్యాన్సర్ అది. కళ్లకు కనిపించే రంపపు పొట్టు కింద పడిపోతుంది, దానితో పెద్ద బాధ లేదు. గాలిలో గంటలపాటు తేలుతూ కనిపించకుండా ఉండే సన్నపొడే ఊపిరితిత్తుల్లోకి పోయేది. టేకు పొడికి కొందరికి ఒళ్లు దద్దుర్లు కూడా వస్తాయి. మా తమ్ముడికి మెడ మీద వచ్చాయి.

ఇక్కడ మళ్లీ చలిదేశపు ప్లాను మనకు అడ్డం తగులుతుంది. వాళ్లు దుమ్ము గాలిని ఫిల్టర్లలో వడగట్టి మళ్లీ గదిలోకే వదులుతారు, ఎందుకంటే కష్టపడి కాచుకున్న గాలిని బయటికి పోనివ్వలేరు. ఆ ఫిల్టర్లకే వేలు పోయాలి. మనకేం? తలుపులు తీసి, దుమ్మును బయటికి తోసేస్తే సరి. దుమ్ము లాగే మోటారు, దాని గుడ్డ సంచి రెండూ గది బయట చూరు కింద పెట్టాం. గోడలోంచి 4 అంగుళాల పీవీసీ పైపు మాత్రమే లోపలికి వస్తుంది. మధ్యలో మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి: గాలి అందులో గిరగిరా తిరిగి, బరువైన పొట్టు డ్రమ్ములో పడిపోయి, మిగిలిన సన్నపొడి మాత్రమే సంచికి పోతుంది. మోటారు చప్పుడు కూడా బయటే ఉండిపోయింది.

బయట అంటే మొదట తూర్పు గోడ వైపు అనుకున్నాం. ఆ గోడకు అవతలే పక్కింటి అత్తమ్మ మిరపకాయలు, ఒడియాలు ఎండబెట్టుకునే డాబా. అత్తమ్మ గోడ మీదుగా ఒక్క చూపు చూసింది, మాట అవసరం రాలేదు. పడమటి వైపు, మా నిమ్మచెట్టు దగ్గరికి మార్చాం.

ఇంత ఉన్నా ఎమరీ పేపర్ పట్టేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి. ప్లైవుడ్ షీట్లు కోసేది లోపల కాదు, పెరట్లోనే. 8 అడుగుల షీటును కోయాలంటే బ్లేడుకు ముందు 8, వెనక 8 అడుగులు కావాలి. 18 అడుగుల గదిలో అది కుదురుతుందనిపిస్తుంది గానీ, అప్పుడు గదిలో ఇంకేమీ ఉండకూడదు. అందుకే టేబుల్ రంపం కొనలేదు. గచ్చు మీద పాత థర్మాకోల్ షీటు పరిచి, దాని మీద ప్లైవుడ్ పెట్టి, పట్టీ ఆనించి, చేతి సర్క్యులర్ రంపంతో కోసుకుంటున్నాం.

ఇంకో జాగ్రత్త, దుమ్ముతో సంబంధం లేకపోయినా ఇక్కడే రాస్తున్నాను. చెక్కకు అవిసె నూనె పట్టించిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేయకూడదు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ ముద్దగా ఉంటే ఆ వేడి బయటికి పోక, నిప్పు లేకుండానే అంటుకుంటుంది. మేము వాటిని బయట తీగ మీద విడివిడిగా ఆరేసి, గట్టిపడ్డాక పారేస్తున్నాం.

జూన్: గోడలు

చివరికి సరదా పని. తొందరగానే అయిపోయింది.

అల్మారాలను గోడకు తగిలించడానికి నాలుగు అంగుళాల చెక్క పట్టీని పొడవునా 45 డిగ్రీల ఏటవాలుగా చీల్చాలి. ఒక సగం వాలు పైకి, గోడ వైపుకు ఉండేట్టు గోడకు బిగించాలి. రెండో సగం అల్మారా వీపుకు తలకిందులుగా. అల్మారాను పైనుంచి దింపితే రెండు వాలులూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎత్తి పక్కకు జరుపుకోవచ్చు. ఇటుక గోడకు దీన్ని బిగించడంలోనే ఉంది కిటుకంతా. పైన గిలాబా అర అంగుళం పైమాటే, అది ఏ బరువూ మోయదు. డ్రిల్లు ఇటుకల మధ్య సిమెంటు సందులో పడినా పట్టు ఉండదు. 8 ఎంఎం రంధ్రం ఇటుకలోకి దిగాలి, అందులో స్క్రూను పట్టి ఉంచే పొడవాటి గిట్టీలు, 3 అంగుళాల స్క్రూలు. పొడి ఎర్రగా వస్తే ఇటుక, బూడిద రంగులో వస్తే పక్కకు జరగాలి.

వీడియోల్లో గోడ నిండా ఉలులు, చిత్రికలు తగిలించి ఉంటాయి, ఫొటోకు చాలా బాగుంటుంది. మన వానాకాలంలో అలా వదిలితే అంచులకు తుప్పే. పదునున్నవన్నీ తలుపులున్న అల్మారాలో పెట్టాను, గోడకు క్లాంపులు, మూలమట్టాలు, రసమట్టం మాత్రమే.

జూలై: వానలు

రెండు రోజుల ముసురుతో గది అసలు రంగు బయటపడింది. చెమ్మ గోడ పొడిగానే ఉంది. పడమటి జాలీలోంచి మాత్రం గాలివానకు జల్లు లోపలికి కొట్టింది. బయటి వైపు ఏటవాలుగా చిన్న రేకు గొడుగు పెట్టించాం. గాలి కిందనుంచి వస్తుంది, నీళ్లు పైనుంచి జారిపోతాయి. రేకు మీద వాన చప్పుడు బాగా తగ్గింది, ఫాయిల్ షీటు పుణ్యమా అని. దీన్ని ముందు ఊహించలేదు.

బల్ల సొరుగులు ఇప్పుడే బిగించకుండా ఆపాను. చెక్క పొడవునా దాదాపు కదలదు, అడ్డంగానే ఉబ్బుతుంది, తగ్గుతుంది. పొడిగా ఉన్న మేలో గట్టిగా సరిపోయేలా చేసిన సొరుగు ఆగస్టులో బయటికి రాదు. వానలో సరిచేసిన సొరుగు ఎండాకాలంలో వదులవుతుంది గానీ ఇరుక్కోదు. అందుకని సొరుగుల ముందువైపు పలకలను ఇప్పుడు, చెమ్మ ఎక్కువున్నప్పుడు, అంచు చిత్రిక పట్టి చూసుకుంటున్నాను. ఎనిమిది అంగుళాల ఎత్తు పలకకు పైన ఒక మిల్లీమీటరు సందు వదిలాను. సొరుగుల అడుగున వేసే పలకలు ప్లైవుడ్, వాటితో ఈ గొడవ లేదు.

వేప మొద్దుకు మాత్రం సన్నటి పొడి రాలడం కనిపించింది. పుచ్చుపురుగు. మేస్త్రి చెబితే వెలిగారం, బోరిక్ యాసిడ్ వేడినీళ్లలో కలిపి, మొద్దు నాలుగు వైపులా తాగినంత తాగించి, ఎండలో పెట్టాను. ఎండ వచ్చినప్పుడల్లా.

మిగిలింది తలుపు. ఇప్పుడున్నది 3 అడుగులది, 4 అడుగుల ప్లైవుడ్ షీటును ఏటవాలుగా తిప్పి దూర్చాల్సి వస్తోంది. 5 అడుగులకు వెడల్పు చేయాలంటే పైన లింటెల్ కొత్తగా పోయించాలి, కాబట్టి అది వానలు తగ్గాకే. రెండు రెక్కల తలుపా, పక్కకు జరిగే తలుపా అన్నది ఇంకా తేలలేదు. జరిగే తలుపైతే చోటు కలిసొస్తుంది, కానీ సందుల్లోంచి దుమ్ము ఇంటి వైపుకు వస్తుందని అమ్మ అభ్యంతరం. రెక్కల తలుపైతే నేల మీద కూర్చునే జాగకు అడ్డం వస్తుందని మేస్త్రి అభ్యంతరం. బయటికి తెరుచుకునే రెండు రెక్కలు, ఒకటి 3 అడుగులు, ఒకటి 2 అడుగులు, రోజూ పెద్దది ఒక్కటే తెరిచేలా గీసి ఇద్దరికీ చూపించాను. అడితిలో మద్ది చెక్కకు ధర అడిగి రావాలి.